వెనక నుంచి తన్నినవాడు

షటిల్ కోర్టులో కుప్పకూలిన పెద్దమనిషిని ఆసుపత్రి మంచం మీద పడుకోబెట్టారు. భార్య ఆయన మడమ మీద ఐసు సంచి అదిమి పట్టుకుని నిలబడింది.

"అంతా మీ తమ్ముడి నిర్వాకమే," అన్నాడాయన భార్యతో. "వెనక నుంచి మడమ మీద ఒక్క తన్ను తన్నాడు. టప్పుమని చప్పుడు కూడా వినిపించింది."

"అందుకని నలుగురి ముందూ వాడి చెంప పగలగొట్టారు."

"మరి ముద్దు పెట్టుకోమంటావా?"

"మీకు మడమ వెనక నరం తెగిందట. తెగినప్పుడు ఎవరికైనా వెనక నుంచి తన్నినట్టే ఉంటుందని డాక్టరుగారు ఇప్పుడే చెప్పారు."

"అంటే..."

"మిమ్మల్ని తన్నింది మీ వయసే. ఏడాదికోసారి రాకెట్ పట్టుకుని కుర్రాడిలా ఎగిరితే అదెందుకు ఊరుకుంటుంది?"

ఆయన మోచేతుల మీద లేవబోయాడు.

"వాడు నా వెనకే ఉన్నాడుగా!"

"నేను చూస్తూనే ఉన్నా. మీరు పడ్డాక, లేపుదామని ఆ మూల నుంచి పరుగెత్తుకొచ్చాడు పిచ్చి సన్నాసి. చెంపదెబ్బ తిని కూడా మిమ్మల్ని కారుదాకా భుజాన మోశాడు."

"తన్నాడు కాబట్టే సిగ్గుపడి మోస్తున్నాడనుకున్నా."

"ఆహా, ఏం తెలివండీ!"

"ఇప్పుడు వాడి మొహం ఎలా చూడను?"

"చూడక్కర్లేదు. మిమ్మల్ని స్కానింగుకి తీసుకెళ్ళడానికి చక్రాల కుర్చీ తెస్తున్నాడు. తోసేవాడు వెనకే ఉంటాడు కదా. దారిలో ఎక్కడైనా కుదుపొస్తే మాత్రం కాస్త నిదానించండి. పాపం, వాడికి మిగిలింది ఒక్క చెంపే."