రాక్షసరాజు తీర్పు

జువ్వలదిన్నె ఒడ్డున, ఆరబెట్టిన వలల పక్కన కూర్చుని, జాలర్ల పాలేనికి తీర్పరి అయిన పెద్దకాపు, తన మనవరాలు ఫోనులో చూస్తున్న బొమ్మల సినిమాలోకి తొంగిచూశాడు. కాసేపట్లో రచ్చబండ దగ్గర రెండు పడవల తగాదాకు ఆయన తీర్పు చెప్పాలి. ఏం చెప్పాలో ఇంకా తోచలేదు.

“ఆ కొమ్ములోడు ఎవరమ్మణ్ణీ?”

“రాక్షసరాజు తాతా. ముందు మామూలు మనిషే. గేమాడతా ఆడతా అందులోనే ఇరుక్కుపోయినాడు.”

“రాజ్యం ఏలడం వచ్చా?”

“ఒక్క ముక్క రాదు. రాజుకి తెలీంది లేదని రాక్షసులు మాత్రం నమ్మేసినారు.”

“నా మాదిరే. నేను తుమ్మితే తుఫాను మన ఊరొదిలి తడ ఊరి దాకా పారిపోయిందని నమ్మి నన్ను పెద్దకాపుని చేసినారు. మరి తీర్పులు ఎట్టా చెప్తాడు?”

“గడ్డం నిమిరి, ‘నా మనసులో ఉండేది నువ్వే చెప్పు’ అంటాడు. మంత్రి చెప్పేస్తాడు.”

ముసలాయన గడ్డం నిమిరాడు.

“రెండు వలలు చిక్కుపడినాయి. ఒకడు ముడి విప్పకుండా అవతలోడి వల కోసేసినాడు. నా మనసులో ఉండేది నువ్వే చెప్పు.”

“కోసినోడే ఆ వల మళ్ళీ అల్లాల. అవతలోడు పక్కన కూర్చుని దారం అందించాల.”

“నేననుకునిందీ అదే.”

“అబద్ధం తాతా.”

“చెప్పులేసుకో మంత్రీ, పోదాం.”

“రచ్చలో ఆడపిల్లలు కూర్చోకూడదని అవ్వ అనింది గదా?”

“రాక్షస రాజ్యంలో ఆ కట్టుబాటు లేదులే.”