కంది చేను కాడి ముళ్లకంప

అనంతగిరి గుట్టల్లో పన్నెండు కిలోమీటర్ల పరుగు పందెం అప్పుడే ముగిసింది. మేకలకాపరి కూతురు రెండో స్థానంలో వచ్చింది. వేలిలో దిగిన ముల్లును పళ్లతో పీక్కుంటోంది. కోచ్ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

“అందరికంటె ముందుగాల నువ్వే ఉంటివి గద బిడ్డా! కంది చేను కాడ ఎందుకాగినవ్?”

“తొవ్వకు అడ్డం ముళ్లకంప ఉండె సార్. జరిపి దాటిన, మల్ల అడ్డం పెట్టిన.”

“పందెంల ఉరుక్కుంట కంప పెట్టుడేంది?”

“గుట్ట మీదికెళ్లి మేకలు దిగుతున్నయ్. తెరిచిపెడితే చేను ఖతం. తీసినోళ్లే పెట్టాలె సార్.”

“నీ ఎనక నలభైమంది ఉండిరి. వాళ్లు మల్ల తియ్యరా?”

“వాళ్లు తీసింది వాళ్లు పెడుతరు. నేను తీసింది నేను పెట్టిన.”

“ఫస్టు పాయె! వచ్చే నెల జిల్లా పోటీలు గూడ గీ తొవ్వలనే. గప్పుడు గూడ ఆగుతవా?”

ఆమె ముల్లును ఉమ్మేసి లేచి నిలబడింది.

“ఆగుత.”

“ఆగితే మల్ల ఓడిపోతవ్!”

“ఓడిపోను. కంప కాడికి అందరికంటె నిమిషం ముందుగాల చేరుత. రేపటిసంది నాకు గది నేర్పుండ్రి సార్.”