పైపు మీద చప్పుడు

అక్కా, ఆ కుళాయి కట్టెయ్యి! ఎన్నిసార్లు చెప్పాలి? కింద నా బాత్రూంలో నీళ్ళు పొంగి గడప దాకా వచ్చాయి. తలుపు తియ్యకపోతే మానె, ముందు ఆ కుళాయి కట్టు. నీకు పుణ్యముంటుంది.

వాన హోరులో వినబడట్లేదంటావా? ఎందుకు వినబడదు! పక్కింట్లో చెంచా పడితే ఇక్కణ్ణించి కేకేసి అడిగే మనిషివి నువ్వు.

చూడు, మనకి మాటల్లేక నెల దాటింది, నిజమే. నువ్వు సింకులో నూనె పారబోస్తున్నావు, నీ వల్లే డ్రైనేజీ లైను పూడుకుపోతోంది అన్నాను. నలుగురిలో అన్నాను, అది తప్పే. నువ్వు మాత్రం తక్కువ తిన్నావా? వానొస్తే నా ఇంట్లో నేను స్నానం చెయ్యడానికి నీ పర్మిషన్ కావాలా అన్నావు. సొంత అన్నదమ్ముల పెళ్ళాలు ఇలా కొట్టుకుంటారా అని వీధంతా నవ్వింది. సరే, కోపముంటే నా మీద తీర్చుకో. నీళ్ళ మీద తీర్చుకుంటే ఎట్లా?

నీకు తెలియంది కాదు కదా అక్కా. వీధిలో మ్యాన్‌హోల్ మూత ఎగిరెగిరి పడుతోంది, ఇప్పుడే చూసొచ్చాను. లైను నిండి వెనక్కి తంతోంది. అందుకే పెరట్లో వాల్వు తిప్పి మూసేశాను. మూస్తే వీధి మురికి మన ఇంట్లోకి రాదు. కానీ మన నీళ్ళు కూడా బయటికి పోవు! నువ్వు పైన చెంబుడు నీళ్ళు పోస్తే అవి పోయి పోయి ఎక్కడ తేలాలి? నా నెత్తిన తేలాలి. ప్లంబరు ఆ వాల్వు పెట్టిన రోజు మనిద్దరినీ నిలబెట్టి చెప్పాడా లేదా?

ఇసక మూట బాత్రూంలో నీళ్ళు పోయే జాలీ మీద వేశాను. దాని మీద నిండు బకెట్ పెట్టాను. టాయిలెట్‌లో పాత దుప్పటి కుక్కాను. ఏం లాభం? మూట చుట్టూ తెల్లగా నురగ! వీధి మురుక్కి సబ్బు నురగ ఉంటుందా? అందుకే, ఇది పైనుంచేనని పరిగెత్తుకొచ్చాను. ముందు వట్టి నీళ్ళే వచ్చాయి. ఇప్పుడు అడుగున ఉన్నదంతా కదిలి నల్లగా వస్తోంది, ఒకటే కంపు.

భయమేస్తోందక్కా. నిజంగా భయమేస్తోంది.

పోయిన వానాకాలం మర్చిపోయావా? ఆ నీళ్ళలో తిరిగాకే కదా మా చిన్నదానికి కామెర్లొచ్చాయి. ఆసుపత్రిలో దాని మంచం పక్కన కుర్చీలో కూర్చున్నది నేను కాదు, నువ్వే. నేను ఏడ్చేదాన్ని, నువ్వు దానికి మందు తాగించేదానివి. ఇప్పుడు దాన్ని డైనింగ్ టేబుల్ ఎక్కించి, దిగావంటే కాళ్ళు విరగ్గొడతానని చెప్పి వచ్చాను. మెయిన్ స్విచ్ ఆపేశాను. చీకట్లో ఒక్కతే కూర్చుంది. నా మొహం చూసి కాకపోయినా దాని మొహం చూసి కట్టు.

పోనీ వాల్వు తెరిచేద్దామా అంటే ఊరి మురికంతా నా ఇంట్లోకి వచ్చేస్తుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మీ మరిదికి ఫోన్ చేస్తే వంతెన కింద నీళ్ళు నిలిచాయి, బస్సు కదలట్లేదు అంటాడు. బావగారు డ్యూటీలో ఉంటే ఫోనే ఎత్తరు. ఉన్నది మనిద్దరం.

అసలు మన గుర్తేమిటి? వాల్వు మూయగానే నేను గరిటెతో, మీ ఇంట్లోంచి మా ఇంట్లోకి దిగే పైపు మీద రెండు దెబ్బలు వెయ్యాలి. నువ్వు పైనుంచి రెండు వెయ్యాలి. అంటే సరేలే, నీళ్ళు వాడను అని. మాటలు మానేశాం గానీ ఆ దెబ్బలు మానలేదు. మీ ఇద్దరికీ పెళ్ళి చేసినట్టుందే ఆ పైపు, అని మీ మరిది నవ్వుతాడు కూడాను.

మరి ఇవాళ ఏం చేశావు? నేను మర్యాదగా రెండు కొట్టాను. నువ్వు రెండు దెబ్బలతో ఆపావా? టకటకటకా ఒకటే బాదుడు! వెక్కిరిస్తున్నావనుకున్నాను. ఒళ్ళు మండిపోయింది. నేనూ గరిటె తిరగేసి బాదాను. నువ్వు మళ్ళీ మొదలుపెట్టావు. చిన్నది టేబుల్ మీంచి వంగి చెంచాతో అదీ వాయించడమే, పెద్దమ్మ ఆడుతోందమ్మా అని ఒకటే పకపకలు. చాలా సేపు సాగింది ఆ కచేరీ.

తర్వాత నీ చప్పుడు తగ్గింది. ఒకటి వినబడి, కాసేపటికి ఇంకొకటి. చెయ్యి నొప్పెట్టిందిలే, తిక్క కుదిరింది అనుకున్నాను.

అక్కా?

తిట్టు. ఏదో ఒకటి అను. దరిద్రప్పీనుగా, పో అను. పోతాను.

నువ్వు కుళాయి వదిలేసే మనిషివి కాదే. చుక్క కారుతుంటే నిద్రలోంచి లేచి వెళ్ళి కట్టి వస్తావని బావగారు నిన్ను ఏడిపిస్తారు కూడా. నా మీద కోపానికి ఇంతసేపు నీళ్ళు పారబోస్తావా? నీకు ప్రాణం ఒప్పుతుందా?

అక్కా, ఒక్క మాట చెప్పు. నువ్వు ఎప్పుడూ వంటింట్లో నిలబడి కొడతావు. గరిటె దెబ్బ ఖంగుమని మోగుతుంది. ఇవాళ్టిది అలా లేదు. మొద్దుగా ఉంది. ప్లాస్టిక్ మగ్గుతో కొట్టినట్టుంది.

బాత్రూంలోంచి కొట్టావా?

ఓరి దేవుడా. ఆడట్లేదు నువ్వు. పిలిచావు. నువ్వు పిలుస్తుంటే మేం తాళం వేశాం.

పొద్దున మెట్ల దగ్గర కళ్ళు తిరిగి రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డావు. చూశాను. ముందు నువ్వే పలకరిస్తావులే అని తల తిప్పుకుని లోపలికి వెళ్ళిపోయాను. ఏమైంది నీకు? అక్కా! తలుపుకి గడియ ఎందుకు పెట్టుకున్నావు? ఎవడొస్తాడు ఈ వానలో?

ఏవండీ! టైలరుగారూ! కిటికీ మూసుకోకండి, ఇటు చూడండి! మా అక్క లోపల పడిపోయింది! అవును, పైన! అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యండి. నీళ్ళలో రాదంటే ఎవరినైనా తీసుకురండి. కింద మా చిన్నది ఒక్కతే ఉంది, దాన్ని ఎత్తుకోండి, కాలు తడవనివ్వకండి! బేగి రండి బాబూ!

వస్తున్నారక్కా. నేను ఆగను. తలుపు పక్కన ఈ కిటికీ అద్దం పగలగొడుతున్నాను. గరిటె చేతిలోనే ఉంది చూడు, నిన్ను కొట్టడానికన్నట్టు తెచ్చుకున్నాను. మొహం అటు తిప్పుకో... ఎవరితో చెప్తున్నాను నేను?

పగిలింది. చెయ్యి దూర్చాను. గడియ అందట్లేదు. ఏం గడియ ఇది, ఇంత కిందికి పెట్టించావు! చెయ్యి కోసుకుపోయింది, పోనీ. కదిలింది. ఇంకొంచెం. రావే తల్లీ, రావే...

అక్కా!

ఊపిరి ఉంది. ఉంది. నీ ముక్కు దగ్గర వేలు పెట్టాను, వెచ్చగా తగిలింది. నమ్మకం కుదరక ఇంకోసారి చూశాను. ఉంది.

నేల మీద ఎర్రగా ఉంది. చెవి వెనక చిట్లినట్టుంది, నా కొంగుతో అదిమి పట్టాను. తల కదపను, కదపకూడదంటారు. ఒళ్ళంతా చల్లబడిపోయావు. ఎంతసేపు పడి ఉన్నావు ఈ నీళ్ళలో? ఇదిగో నీ తువ్వాలు, ఇదిగో దుప్పటి. బకెట్‌లో సగం ఉతికిన బట్టలు ఇంకా నానుతున్నాయి. వాల్వు మూసేలోపు ఉతకడం అయిపోవాలనుకున్నావు కదూ? నేను అరుస్తానని తొందరపడ్డావు కదూ?

మగ్గు ఇంకా నీ చేతిలోనే ఉంది. వదులు. ఇంక కొట్టక్కర్లేదు. వచ్చాను కదా.

కళ్ళు తెరువు. రెప్ప కదిలిందా? కదిలినట్టే ఉంది. విను, మెట్ల మీద అడుగులు. టైలరుగారు, ఆయన తమ్ముడు. మడత మంచం తెస్తున్నారట, నిన్ను దాని మీద ఎత్తి మెయిన్ రోడ్డు దాకా మోస్తారు, అక్కడ బండి ఆగుతుందట. చిన్నది ఆయన భుజం మీద ఉంది, పెద్దమ్మా అని అరుస్తోంది. వినబడిందా? దానికి నిన్ను ఇలా చూపించను, బయటే ఉంచమంటాను.

వాళ్ళు లోపలికి వచ్చేలోపు నీకొకటి చెప్పాలి. తర్వాత నోరు రాదు. నువ్వు తెలివిలో ఉంటే అసలు రాదు.

అందరూ ఏమంటారో నాకు తెలుసు. తోటికోడలు అద్దం పగలగొట్టి, చెయ్యి కోసుకుని, అక్కని కాపాడింది అంటారు. బావగారు నాకు దణ్ణం పెడతారు. నువ్వు కూడా నమ్ముతావు. నన్ను దగ్గరికి తీసుకుంటావు, నీ సంగతి నాకు తెలియదా?

ఈ బాత్రూం తలుపు తోసినప్పుడు నువ్వు నాకు కనబడ్డావక్కా. చీకట్లో కనబడలేదని అబద్ధమాడను. నీ మొహం, నీ చెయ్యి, అన్నీ కనబడ్డాయి. నేను నిన్ను దాటుకుని వెళ్ళి ముందు కుళాయి కట్టాను. కట్టి, అమ్మయ్య అన్నాను. పైకే అన్నాను. ఆ తర్వాతే నీ పక్కన కూర్చున్నాను.