ఖాకీకే జవాబు

ఆ మూల క్వార్టరు ఎందుకు ఖాళీగా ఉందనా నీలిమా? కూర్చో, చెప్తాను, టీ చల్లారితే చల్లారనీ. అందులో మన సింహాచలమ్మ, ప్లాంటులో పనిచేసే మొగుడు, కొడుకు గోపాలం ఉండేవారు. గోపాలానికి పాతికేళ్లు, బుద్ధి మాత్రం ఆరేళ్ల పిల్లాడిది. నవ్వితే ఏటనుకున్నావు, సెక్టర్ 4 వీధంతా వెలుగొచ్చినట్టుండేది. రోజూ మధ్యాహ్నం తండ్రికి ప్లాంటు గేటు దగ్గరికి క్యారేజీ పట్టుకెళ్లేవాడు. ఇది హిందీ ఊరాయె, గేటు కాపలావాళ్లు కసురుతారని తల్లి నేర్పింది, "ఖాకీ గుడ్డలోలు ఏటడిగినా సేతులు కట్టుకుని జీ సాబ్ అను బావూ, ఒగ్గేస్తారు" అని. అవునండీ అనే ఆ ఒక్క ముక్క నెలరోజులు కూర్చోబెట్టి నేర్పింది పాపం. అదే కొంప ముంచింది.

తొంభై ఒకటిలో, గేటు పక్కన ఓ కాంట్రాక్టరు షెడ్డులో రాగితీగ పోయింది. రోజూ అటు తిరిగేది గోపాలమే గదా, పట్టుకుపోయారు. ఠాణాలో అడిగారట, "చోరీ తూనే కీ?" దొంగతనం నువ్వే చేశావా అని. "జీ సాబ్." "అకేలే?" ఒక్కడివేనా అని. "జీ సాబ్." వేలిముద్ర వేయించేశారు. తండ్రి సిగ్గుతో గుమ్మం దాటలేదు. "గురునాథన్నయ్యా, నాకు హిందీ రాదు, నువ్వు తోడు రా" అంది సింహాచలమ్మ. కోర్టుకి వెళ్లాను. జడ్జిగారిది నల్లకోటాయె, తీగ నువ్వే తీశావా అని ఆయనడిగితే వీడు కిటికీలో పావురాన్ని చూస్తున్నాడు. పక్కనున్న ఖాకీ కానిస్టేబులు "బోల్", చెప్పరా అని పొడిచాడు. "జీ సాబ్!" అంతే, సింహాచలమ్మ లేచి తెలుగులో అరిచింది, "బాబూ, ఈ ప్లాంటంతా నువ్వే కట్టావా అనడగండి, దానికీ జీ సాబే అంటాడు!" అక్కడ ఎవరికీ అర్థం కాలేదు. ఏమంటోందని జడ్జిగారు నన్నడిగారు. చుట్టూ ఖాకీలు, నా నౌకరీ, నా భయాలు... "తల్లి కదా సాబ్, ఏడుస్తోంది" అన్నాను హిందీలో. అంతే అన్నానమ్మా.

రెండేళ్లు వేశారు. ఆ వానాకాలమే జైల్లో జ్వరమొచ్చి పోయాడు. వెనకాలే తల్లి. తండ్రి క్వార్టరు అప్పజెప్పేసి విజయనగరం వెళ్లిపోయాడు. తర్వాత దిగినవాళ్లెవరూ నెల ఉండలేదు. ఓసారి మధ్యాహ్నం ప్లాంటు కూత కూశాక చౌకీదారు బలరాం ఖాకీ యూనిఫాంలో ఆ తలుపు కొట్టి, "కోయీ హై?" ఎవరైనా ఉన్నారా అన్నాడట. లోపల్నించి, చేతులు కట్టుకున్న గొంతుతో, మెల్లగా, "జీ సాబ్." తాళం తీస్తే దుమ్ము. బలరాం ఈ మధ్యే వచ్చినవాడు, ఈ కథేదీ వాడికి తెలీదు.

నేనూ వెళ్లాను ఒకనాడు, ఈ లుంగీతోనే. "గోపాలం, నన్ను మాఫ్ చేశావేటిరా?" అనడిగాను. చప్పుడు లేదు. ట్రంకు పెట్టెలో నా పాత డ్యూటీ ఖాకీ చొక్కా ఉంది. అది వేసుకెళ్తే జీ సాబ్ అంటాడు. అడగ్గానే అనేస్తాడు, ఖాకీ ఏదడిగినా అనేవాడే గదా...

అదిగో, ప్లాంటు కూత. టీ మీద మీగడ కట్టేసింది, వేరేది పెట్టవే తల్లీ.