కృష్ణయ్య కడిగిన ఫిల్టర్లు

హలో… ఆ, నేనే అన్నా, డానియేలును. ఫైర్ స్టేషన్ల నుంచే… కూసోని మాట్లాడే ముచ్చట గాదు, బాలనర్సింహన్నా, ఇను. అడవిల మంటలార్పుతున్న మనోళ్ళందర్ని పొగల నుంచి బయటికి గుంజు… ఇప్పుడే!

…అడవి కాలిపోతె కాలిపోనీ! మీ మాస్కులకున్న ఫిల్టర్లు ఖరాబైనయ్… చూడనీకి కొత్తయే. ఈ స్టోరు కృష్ణయ్య దసరాకు ఆయుధ పూజ అని బండి కడిగిండు, పైపులు కడిగిండు, ఆ చేత్తోనే ఫిల్టర్లు గూడ సబ్బునీళ్ళల్ల ముంచిండు. గౌలిపురల వాళ్ళింట్ల బర్లను కడిగినట్టు కడిగిండన్నా! ఎండేసి, బొట్లు పెట్టి, మళ్ళ డబ్బాలల్ల సర్దిండు… ఔ, ఇప్పుడే చెప్పిండు. మస్తు సంబరంగ చెప్పిండు!

…నీళ్ళల్ల ముంచితె అది ఉట్టి గుడ్డనే. సన్న పొగ సీదా ఊపిరితిత్తులల్లకే పోతది… డబ్బా మీదనే రాసుంది, కడగొద్దని!

…కృష్ణయ్యనా? ఈడనే ఉన్నడు, కింద పడి. రెండు పీకిన, మూతి పగిలింది. ఇంకా నాలుగు తగిలిస్తుంటి, మన డ్రైవరు దుర్గయ్య అడ్డమొచ్చిండు… కృష్ణయ్య పెద్దమనిషైతె ఏంది?… ఏయ్, లేవకు! లేస్తె సంపుత!

…ఆ, చెప్పన్నా. అందరొచ్చిన్రా?… ఒక్కడు రాలేదా? ఎవడు?

…నిఖిలేషా?

…అన్నా, వాడు ఈ కృష్ణయ్య కొడుకే గద.

…ఏమంటుండు? "మా నాయిన బొట్టు వెట్టిచ్చిన మాస్కు, నాకేం గాదు" అంటుండా? థూ! వైర్‌లెస్సుల చెప్తె ఇనడు, నువ్వే పో… మెడ పట్టి గుంజుకరా. రాకుంటె కొట్టు. కట్టె తీస్కోని కాళ్ళిరగ్గొట్టు! ఫోన్ కట్ చెయ్యకు, జేబుల వేస్కో…

…కృష్ణయ్యా, నా కాళ్ళెందుకు పట్టుకుంటవ్? ఇడువు… ఇడువంటున్న! ఏడ్వకు. నాకు గూడ భయమైతుంది.

…హలో! అన్నా! ఏంది ఆ దగ్గు? నీదా, వానిదా?… ఇద్దరిదా…

…కొట్టినవా? కాలు ఇరిగిందా?… ఇరగనియ్. బొక్క అతుకుతది. ఊపిరితిత్తులు యాడ అతుకుతయ్ అన్నా?

…నోట్లకెల్లి నల్లగ పడుతుందా? అయ్యో, ప్రభువా… అంబులెన్సుల ఎక్కిచ్చిన్రా? మాట్లాడుతుండా?

…ఏమని?

…నువ్వెందుకు చెప్పినవన్నా, గిప్పుడు…

…సరె. ఇస్తున్న.

కృష్ణయ్యా, లే. గోడ పట్టుకోని లే. ఫోన్ పట్టు… బతికే ఉన్నడు. నిన్ను కొట్టింది ఎవడని అడుగుతుండు. డానియేలే అని చెప్పు.