కొత్త ఇన్‌హేలర్

మిర్యాలగూడలో ఒక పిల్లల ఆసుపత్రి వరండా. లోపల ఆరేళ్ల నందినికి ఆక్సిజన్ పెట్టారు. బయట తల్లీ తండ్రీ నిలబడి ఉన్నారు. తల్లే ముందు అడిగింది.

“డాక్టర్ ఇన్‌హేలర్ సూసి ఖాళీ అన్నడు. నిన్ననే కొత్తది తెచ్చిన అన్నవ్ గద?”

“తేలే. పాతదే తుడిచి ఇచ్చిన.”

“మరి నేనిచ్చిన పైసలు?”

“కిరాయికి పోయినయ్. ఇంటామె సామాన్ బయట పడేస్త అన్నది. మిల్లుల కూలి రాంగనే కొందామనుకున్న.”

“నాకన్న చెప్పకపోతివి.”

“నువ్వు పరేషాన్ అయితవని చెప్పలే. ఉత్తదైనా నోట్లె పెట్టుకుంటే బిడ్డకు ధైర్యం ఉంటదనుకున్న.”

“మందు వస్తలేదమ్మా అని అది మొత్తుకున్నది. నేను నమ్మలే.”

“ఏం చేసినవ్?”

“నాయిన గంత కష్టపడి తెస్తే సరిగ్గ పీల్చవా అని చెంప మీద ఏసిన. ఇగ మాట్లాడలే. ఖాళీదే పీల్చుకుంట కూసున్నది.”