బస్టాండులో పట్టుకున్నారట!

అక్కడ పెట్టు ఆ చొక్కా. బల్ల మీద కాదురా, ఇస్త్రీ పెట్టె కాలుతోంది. కుర్చీలో పెట్టు.

ఎంత గుండె రా తమ్ముడూ నీది! రేపు కోర్టులో నా కొడుకు మీద సాక్ష్యం చెప్పడానికి వేసుకునే యూనిఫాం, నా దగ్గరికే ఇస్త్రీకి తెస్తావా? ఇంకెక్కడా ఇస్త్రీ కొట్టు దొరకలేదా నీకు?

ఆఁ, చొక్కా ఒక వంక. మాట్లాడటానికి వచ్చావు. ఆ మాత్రం తెలీదనుకున్నావా?

చేస్తాలే. పని మీద కోపం చూపించడం నాకు చేతకాదు. నువ్వు పోలీసువైన నాటి నుంచీ నీ చొక్కా చేతుల మీద ఇస్త్రీ గీత ఒక్కసారైనా వంకర పోయిందా? కూర్చో. దొంగని చూసినట్టు నిలబడి నన్ను చూడకు.

ఒక్కటి అడుగుతాను, చెప్పు. నా కొడుకుని మీరు బస్టాండులో పట్టుకున్నారా? పారిపోతుంటే పట్టుకున్నారా?

కాగితంలో అలాగే రాశారు కదా, కింద సంతకం నీదే కదా! వకీలు గారు చదివి వినిపిస్తుంటే నాకు నవ్వొచ్చింది. పారిపోయేవాడికి తల్లి తల దువ్వి, ఉతికిన బట్టలిచ్చి, చేయి పట్టుకుని మీ స్టేషన్ మెట్లెక్కిస్తుందా?

వాడు వెళ్ళనన్నాడురా. "మనకెందుకమ్మా, ముసలాయన్ని ఆస్పత్రిలో చేర్చాను, చాలు" అన్నాడు. కారు గుద్దేసి వెళ్ళిపోయింది. వెనకాల వస్తున్న వీడు తన పాల వ్యాను ఆపి, ఆయన్ని ఎత్తుకుని పరిగెత్తాడు. ఇంటికొచ్చేసరికి చొక్కా నిండా నెత్తురు. నేనే అన్నాను, చూసినవాడు చూసింది చెప్పాలి, లేకపోతే ఆ కారువాడు రేపు ఇంకొకర్ని గుద్దుతాడు అని. అని, నీకు ఫోన్ చేశాను.

నువ్వేమన్నావు? "ఊరికే అక్కా. రెండు ముక్కలు రాసుకుని భోజనం వేళకి పంపించేస్తాను."

ఊరికేనట! అన్నం వండి, మూత పెట్టి, వీధి వైపు చూస్తూ కూర్చున్నాను.

ఆ చొక్కా ఉతికింది నేను. నెత్తుటి బట్టలతో పదిమంది ఉండే చోటికి పంపుతానా బిడ్డని? నానబెట్టి, సబ్బు పెట్టి, మరక పోయేదాకా రుద్దాను. దానికి మీరేం రాశారు? వ్యానుతో గుద్దింది వాడేనని, చొక్కా ఉతికి సాక్ష్యం చెరిపేశాడని! నా శుభ్రం నా కొడుకు నేరమైపోయింది. నువ్వక్కడే ఉన్నావు కదరా. "మా అక్క అంతే సార్, ఈగ వాలితే గడప కడుగుతుంది" అని ఒక్క మాట అనలేకపోయావా?

ఆ ముసలాయన కళ్ళు తెరిచి ఉంటే ఆయనే చెప్పేవాడు. పోయాడు పాపం.

పైనుంచి చెప్పారా? ఎంత పైనుంచి? ఆ కారాయన మేడ ఎంత ఎత్తైనా, నీ చేతిలో కలం ఆయన పట్టుకోలేదుగా!

అమ్మ పోయేనాటికి నీకింకా పాలపళ్ళు. ఓసారి అబద్ధమాడావని నీకు అన్నం పెట్టలేదు, నేనూ తినలేదు. నా కొడుకునీ అలాగే పెంచాను. ఇద్దరికీ ఒకటే పాఠం చెప్పాను. ఒంటబట్టినవాడు లోపల కూర్చున్నాడు.

ఏమిటీ? గట్టిగా చెప్పు.

గుర్తు లేదనాలా? రేపు బోనులో నన్ను, వాణ్ణి స్టేషన్‌కి ఎవరు తీసుకొచ్చారని అడిగితే గుర్తు లేదనాలా? అయ్యో, నీ ఉద్యోగం పోతుందా? మరదలు ఏడుస్తోందా? ఏడవనీ. నేను ఏడ్చిన రోజు నా ఫోన్ ఎత్తారా మీరు?

పట్టుకున్న కథ అబద్ధమని తేలితే మిగతా కేసూ నిలబడదన్నారు వకీలు గారు. నా నోట్లో ఒక్క మాట ఉంది, దానికింద నా కొడుకు బతుకుంది. అది మింగెయ్యమంటావు. తోడబుట్టినవాడివి కదా, బాగానే అడుగుతావు!

నీకింకో సంగతి చెప్పనా? మొన్న వాణ్ణి చూడ్డానికి వెళ్ళాను. కమ్మీల అవతల నుంచి ఏమన్నాడో తెలుసా? "అమ్మా, మామయ్య పేరు ఎత్తకు. ఆయన పిల్లలు చిన్నవాళ్ళు. నా సంగతి ఇంకోలా చూసుకుందాం" అన్నాడు. నా కొడుకు, నా ముందర, నన్ను నిజం దాచమన్నాడు. అదీ నీకోసం. సగం దారిలో బస్సు దిగి నడుచుకుంటూ వచ్చాను ఇంటికి. పదిమందిలో కూర్చోలేకపోయాను.

ఇదిగో చొక్కా. కాలరు నలపకుండా పట్టుకెళ్ళు.

కాళ్ళొదులు. లే. లేవమంటున్నానా!

రేపు నేను నిజమే చెప్తాను. కాదు, నువ్వనుకునేలా కాదు. ఇన్నేళ్ళూ చెప్పాలి కాబట్టి చెప్పాను. ఎవరికి మంచి, ఎవరికి చెడు అని ఏనాడూ చూడలేదు. అదొక్కటే నాకున్న గర్వం. అది కూడా పోయింది. రేపు బోనెక్కి జడ్జి గారి వైపు చూడను, నా కొడుకు వైపూ చూడను. నీ మొహంలోకి చూస్తూ చెప్తాను. వాడు బయటికి రావాలని కొంచెం, నువ్వు కూలిపోవాలని ఎక్కువ.

నిజం అలా చెప్పకూడదు. నాకు తెలుసు. తెలిసే చెప్తాను.